అప్‌డేట్: ఇంట్లో ఫొటోలు మసకగా వస్తున్నాయని అడిగాను కదా, కారణం దొరికింది

కొత్త డీఎస్‌ఎల్‌ఆర్‌తో బయట ఫొటోలు బాగానే వస్తున్నాయి, ఇంట్లో తీస్తే మాత్రం మా పాప మొహం అలికేసినట్టు వస్తోంది, లెన్స్ పాడైందా అని అడిగాను. లెన్స్‌లో ఏ లోపమూ లేదు. మీరు చెప్పినట్టు పాత ఫొటోల వివరాలు తెరిచి చూస్తే షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) 1/15 సెకను ఉంది! అంతసేపు తెరిచి ఉంటే పాప కాస్త కదిలినా ఫొటో మసకే.

ఫ్లాష్ లేని ఆటో మోడ్ వదిలేసి, షట్టర్ 1/200 పెట్టి, దానివల్ల తగ్గే వెలుగుని సరిచేయడానికి ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) 3200కి పెంచాను. కాస్త గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) వచ్చింది, పర్వాలేదు. నిన్న పాప కిటికీ పక్కన కూర్చుని జామకాయ కొరుకుతుంటే తీశాను. కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఆ ఫొటో చూసి మా అమ్మకి కళ్లు చెమర్చాయి.

వెలుగుని ఎక్కువగా లోపలికి రానిచ్చే 50 ఎంఎం 1.8 లెన్స్ కూడా కొన్నాను. నా కెమెరాలో సెన్సర్ చిన్నది కాబట్టి అది దాదాపు 75 ఎంఎంలా, అంటే ఇంకా దగ్గరగా చూపిస్తుంది. మా హాల్లో గోడకి ఆనుకుని నిలబడితే గానీ ఇద్దరు ఫ్రేమ్‌లో పట్టరు. ఓపిగ్గా చెప్పిన అందరికీ చాలా థాంక్స్ అండీ.