మిర్చి బ్లాగు: రోజుకొకటి రాయాలా, వారానికొకటా?

ప్రశ్న (గుంటూరు):
మిర్చి సాగు, యార్డు ధరల మీద తెలుగు బ్లాగు, వర్డ్‌ప్రెస్‌లో. రోజూ ఒక ధరల పోస్టు, 250–300 మాటల్లో ఒక సాగు పోస్టు వేస్తున్నాం. ఆరు నెలల్లో 300 దాటాయి. గూగుల్ సెర్చ్ కన్సోల్ (సెర్చ్‌లో మన సైటు పరిస్థితి చూపే పనిముట్టు) చూస్తే సగానికి పైగా ‘క్రాల్డ్ – కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’లోనే, అంటే గూగుల్ చూసి కూడా సెర్చ్‌లో చేర్చుకోనివిగానే, ఉన్నాయి. తగ్గిస్తే ఇప్పుడు వచ్చేవాళ్లు కూడా రారేమో. ఏం చేయాలండీ?

జవాబు (విజయవాడ):
ముందు ఆ రెండు రకాలనూ విడదీయండి. ధర రోజూ మారుతుంది, ఆకుముడతకు కారణం మారదు. రెండింటికీ ఒకే లెక్క పెట్టుకోవడం వల్లే ఈ ఇబ్బంది.

ధరలకు రోజుకో పోస్టు వద్దు. వంద పైచిలుకు పేజీల్లో తేదీ, నాలుగు అంకెలు తప్ప తేడా లేనప్పుడు గూగుల్ అన్నింటినీ ఎందుకు ఉంచుకుంటుంది? ఒకే పేజీ, ఒకే లింకు పెట్టండి. తేజ, 334, 341, బాడిగ, తాలు (రంగు పోయిన కాయలు): రకానికో వరుస, క్వింటాలుకు కనిష్ఠం, గరిష్ఠం. పైన తేదీ, ఆ రోజు యార్డుకొచ్చిన టిక్కీలు (బస్తాలు). అంకెలు మార్చకుండా తేదీ ఒక్కటే మార్చకండి. దాన్ని నమ్మి సరుకు బండికెత్తిన రైతు మళ్లీ మీ పేజీ తెరవడు. వేసవి సెలవుల్లో ‘యార్డుకు సెలవు, ఇవి ఫలానా తేదీ ధరలు’ అని స్పష్టంగా రాయండి.

సాగు వ్యాసాలు నెలకు రెండు చాలు. అయితే ఒక్కోటీ ఒక్కో ప్రశ్నను పూర్తిగా తేల్చాలి. ఆకుముడతనే తీసుకోండి. ‘తగిన నివారణ చర్యలు చేపట్టాలి’ అంటే ఎవరికీ ఉపయోగం లేదు. చేలో నిలబడ్డ రైతుకు కావలసింది ఇది పురుగా, నల్లియా, వైరసా అన్నదే. ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలా ఉంటే తామర పురుగు. కిందికి ముడుచుకుని కాడ సాగితే నల్లి; అది కీటకం కాదు కాబట్టి చాలా పురుగుమందులకు లొంగదు. ఆకులు చిన్నవై పచ్చబడి మొక్క గిడసబారితే జెమిని వైరస్, దాన్ని మోసేది తెల్లదోమ. 2021లో విరుచుకుపడ్డ నల్ల తామర పురుగు పూలల్లో చేరుతుంది కనుక పూలను తెల్ల కాగితం మీద దులిపి చూడమనాలి. మీ చుట్టుపక్కల చేలలో దగ్గరగా తీసిన ఫొటోలు పెట్టండి. ఇది 600 మాటల్లో తేలితే 600, 1,500 పడితే 1,500.

మరో సభ్యుడు (గుంటూరు):
నెలకు రెండన్నది ఏడాది పొడవునా కుదరదు. నారు జులై, ఆగస్టుల్లో పోస్తారు. నారుమడి, విత్తనం వ్యాసాలు మే నెలాఖరుకే సిద్ధంగా ఉండాలి, అప్పుడు నాలుగైనా రాయాల్సిందే. కోతలు మొదలయ్యాక కొత్తవి మానేసి ధరల పేజీ మీద కూర్చోండి. పాత తేదీల ధరలు వెతికేవాళ్లూ ఉంటారు, వాళ్లకు నెలకో పేజీ ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
మరి పాత చిన్న పోస్టులు తీసేయమంటారా?

జవాబు (విజయవాడ):
తీసేయకండి, కలపండి. సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్, 3 నెలలు, పేజీలు చూడండి. ఇంప్రెషన్లు (సెర్చ్‌లో కనిపించిన సార్లు) బాగా ఉండి ఫలితాల్లో సగటు స్థానం 8–20 మధ్య ఉన్నవాటికి ముందు మరమ్మతు చేయండి, ఫలితం అక్కడే త్వరగా కనిపిస్తుంది. ఆకుముడత మీద ఐదు పోస్టులుంటే క్లిక్కులు ఎక్కువున్నది అసలు పేజీ. మిగతా నాలుగింట్లో పనికొచ్చింది అందులోకి తెచ్చి, వాటి లింకులను 301 రీడైరెక్ట్‌తో (పాత లింకు నొక్కినవాళ్లను శాశ్వతంగా కొత్త పేజీకి పంపే ఏర్పాటు) దానికే తిప్పండి. ధరల పోస్టులు ఆయా నెలల పేజీకి. అన్నింటినీ హోమ్ పేజీకి తిప్పితే గూగుల్ వాటిని సాఫ్ట్ 404గా, అంటే లేని పేజీల కింద, లెక్కేస్తుంది. వారానికి పది చొప్పున చేస్తే ఏది దెబ్బతిన్నదో పట్టుకోగలరు.

ఇంకొకటి, కొత్త పోస్టుల లింకులో తెలుగు పెట్టకండి. లింకులో ఒక్కో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు కూడా, 9 అక్షరాలవుతుంది. వర్డ్‌ప్రెస్ 200 దగ్గర కోసేస్తుంది, అంటే అక్షరాలూ గుర్తులూ కలిపి 22 దాటితే లింకులో శీర్షిక మధ్యలోనే తెగిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు మాటలు చాలు. అలా కలపకుండా ఉంచేసిన పాత పోస్టుల లింకులు మాత్రం కదపకండి.