దానం రశీదు చూసి అధ్యక్షుణ్ణి నమ్మొచ్చా?

గోదారిగట్టు (న్యూజెర్సీ):
ఆదివారం భోజనాల దగ్గర మా బావమరిదికీ నాకూ మాటామాటా పెరిగి పప్పుచారు చల్లారిపోయింది. విషయం అమెరికా అధ్యక్ష అభ్యర్థులు. నిలబడ్డవాడు నిజంగా ఆ మనిషేనా, వేషం కట్టాడా అని తెలుసుకోవడం ఎలా? వాడేమో మాట తీరు, తినే తిండి, పుట్టిన ఊరు చూస్తే ఇట్టే తెలుస్తుందంటాడు.

అవన్నీ వేషాలే అంటాను నేను. ఇది ఇవాళ్టి సంగతీ కాదు. 1840లో విలియం హెన్రీ హారిసన్ దుంగల గుడిసె బొమ్మ పెట్టుకుని, పులిసిన యాపిల్ రసం తాగే పేద రైతు పోజు కొట్టి గెలిచాడు. పుట్టిందేమో వర్జీనియాలో, బానిసలతో సాగు చేయించే తోటల దొరల ఇంట్లో. 2024 అక్టోబరులో ట్రంప్ పెన్సిల్వేనియా మెక్‌డొనాల్డ్స్‌లో ఏప్రన్ కట్టుకుని ఫ్రైస్ వడ్డించడమూ ఆ గుడిసె లాంటిదే.

నటించలేనిది ఒక్కటే ఉంది: తన జేబులోంచి తీసి ఇచ్చిన డబ్బు. 2012లో ఒబామా మీద నిలబడ్డ రిపబ్లికన్ మిట్ రామ్నీ 2011లో కోటీ 37 లక్షల డాలర్ల ఆదాయంలో 40 లక్షలు దానం చేశాడు. జో బైడెన్ 1998 నుంచి 2007 దాకా పదేళ్ళకూ కలిపి ఇచ్చింది 3,690 డాలర్లు. ఏడాదికి 369! అయినా జనం దృష్టిలో రామ్నీ మరబొమ్మ, బైడెన్ మన పక్కింటాయన. ఇదేం న్యాయం?

పద్దులమాస్టారు (ఎడిసన్):
ఇరవై ఏళ్ళుగా జనాల ట్యాక్సులు వేసి పెడుతున్నవాణ్ణి, నా మాట కాస్త వినండి. ట్యాక్స్ రిటర్న్‌లో కనపడేది దానం కాదండీ, రశీదు ఉన్న దానం. గుడికెళ్ళి హుండీలో వంద వేస్తే ఏ ఫారంలోనూ రాదు. అదే వంద కౌంటర్‌లో ఇచ్చి రశీదు తీసుకుంటే వస్తుంది. పైగా 2018 నుంచి స్టాండర్డ్ డిడక్షన్, అంటే విడివిడి పద్దులు చూపకుండా గంపగుత్తగా ఇచ్చే మినహాయింపు, దాదాపు రెట్టింపైంది కాబట్టి పదిమందిలో తొమ్మిదిమంది దానాల పద్దు రాయడమే లేదు.

ఇక మీ రామ్నీ. ఆ 40 లక్షలూ చూపిస్తే ఆయన పన్ను రేటు మరీ కిందకి జారిపోయేది. అప్పటికే 'పదేళ్ళలో ఎప్పుడూ 13 శాతానికి తగ్గలేదు' అని చెప్పేసి ఉన్నాడు. అందుకని దానాల్లో 22 లక్షల 50 వేలు మాత్రమే చూపించి రేటును 14.1 దగ్గర నిలబెట్టాడు. తమాషా ఏమిటంటే, చట్టం అడిగినదానికంటే ఎక్కువ పన్ను కడితే నేను అధ్యక్ష పదవికి తగనివాణ్ణే అని అంతకు రెండు నెలల ముందు టీవీలో అన్నదీ ఆయనే. మంచి పనినే దాచిపెట్టాల్సి వచ్చిన మనిషి! నా సర్వీసులో పన్ను పెంచి చూపించమని అడిగిన క్లయింటు ఒక్కడూ తగల్లేదు.

ఇంకోటి. అసలు అధ్యక్షులు రిటర్న్‌లు బయటపెట్టే ఆనవాయితీ ఊపందుకుందే ఒక దొంగ దానం వల్ల. నిక్సన్ తన ఉపాధ్యక్ష పదవి నాటి కాగితాలు జాతీయ ఆర్కైవ్స్‌కి దానం ఇచ్చానని 5 లక్షల 76 వేల డాలర్ల విలువ కట్టుకున్నాడు. అలాంటి మినహాయింపు 1969 జులై తరవాత చెల్లదని చట్టం వచ్చింది. ఆయన దానపత్రం మీద తేదీ వెనక్కి వేసి రాశారని తేలింది. 1970లో దేశాధ్యక్షుడు కట్టిన ఆదాయపు పన్ను 792 డాలర్లు! 'నేను మోసగాణ్ణి కాను' అని 1973 నవంబరులో ఆయనన్న మాట వాటర్‌గేట్ కుంభకోణం గురించేనని అందరూ అనుకుంటారు గానీ, ఆ పూట తన డబ్బు లెక్కల మీద అడిగితే అన్నమాట అది. చివరికి నాలుగు లక్షల పైచిలుకు బాకీ తేలింది.

మల్లెపందిరి (అట్లాంటా):
అన్నయ్యగారూ, మీ ఇద్దరి లెక్కలూ బాగున్నాయి. ఒక గడి మర్చిపోయారు. 'నువ్వు అసలువాడివేనా, రుజువు చూపించు' అని ఎవర్ని అడుగుతున్నారు?

మిట్ రామ్నీ నాన్న జార్జ్ రామ్నీ పుట్టింది మెక్సికోలో. 1968 ఎన్నికకు నిలబడ్డాడు. 2008 రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెకెయిన్ పుట్టింది పనామా కాలువ ప్రాంతంలో. ఆ ఏడు ఆయన పుట్టుకతోనే పౌరుడని సెనేట్ తీర్మానం చేసి మరీ దారి ఇచ్చింది. ఒబామా పుట్టింది హవాయిలో, అది అమెరికా రాష్ట్రమే. ఆయన మాత్రం 2011 ఏప్రిల్ 27న పూర్తి జనన ధ్రువీకరణ పత్రం తెచ్చి దేశం ముందు పెట్టాల్సి వచ్చింది. పెట్టాక కూడా నమ్మనివాళ్ళు నమ్మలేదు.

ఆ పక్కన ఇంకో గుంపు. తండ్రి కెన్యా, తల్లి కాన్సస్ తెల్లావిడ, పూర్వీకులు ఇక్కడ బానిసలుగా లేరు కాబట్టి ఈయన 'చాలినంత నల్లవాడేనా' అని నల్లజాతి వ్యాఖ్యాతలే 2007లో రాశారు. ఒక డిబేట్‌లో అదే అడిగితే, మన్‌హటన్‌లో టాక్సీ కోసం చెయ్యెత్తినప్పుడు నా అర్హతలు తేలిపోయాయి అన్నాడు. టాక్సీవాడికి వంశవృక్షంతో పనేముంది, రంగు చూస్తాడు, వెళ్ళిపోతాడు. నాకు తెలిసి ఈ మొత్తం గొడవకి అంత పొట్టి జవాబు ఇంకోటి లేదు.

కమలా హారిస్‌ది అదే కథ. తల్లి తమిళనాడు, తండ్రి జమైకా. హోవర్డ్ యూనివర్సిటీలో, అంటే నల్లవాళ్ళ చారిత్రక విశ్వవిద్యాలయంలో, 1986లో డిగ్రీ తీసుకుంది. 2024 జులై 31న షికాగోలో నల్లజాతి జర్నలిస్టుల సభలో కూర్చుని, ఆవిడ ఈమధ్యే నల్లగా మారిపోయిందని ట్రంప్ అన్నాడు. నలభై ఏళ్ళ నాటి కాలేజీ ఫొటోలుండగా!

డల్లాస్ బాబాయ్:
అమ్మా మల్లెపందిరీ, కోపం వద్దు. ఒక చేత్తోనే చప్పట్లు కొడుతున్నావు. డెమొక్రాట్ సెనేటర్ ఎలిజబెత్ వారెన్ సంగతేంటి? 1986లో టెక్సస్ లాయర్ల సంఘం కార్డు మీద స్వహస్తాలతో 'అమెరికన్ ఇండియన్', అంటే అమెరికా ఆదివాసిని అని రాసుకుంది. 2018లో డీఎన్ఏ పరీక్ష చేయించుకుని నవ్వులపాలైంది, 2019లో చెరోకీ తెగవాళ్ళకు క్షమాపణ చెప్పుకుంది. అక్కడ రుజువు అడగడం తప్పా? ఇక 2020 మేలో బైడెన్, నాకా ట్రంప్‌కా అని తేల్చుకోలేకపోతే నువ్వు నల్లవాడివే కాదు అని రేడియోలో నల్లజాతి హోస్ట్‌తో అన్నాడు. తెల్లాయన కూర్చుని నల్లవాళ్ళకి సర్టిఫికెట్లు పంచడం, అదీ మీ పార్టీలోనే.

దానం అంటారా, ఒబామా దంపతులు 2002లో 2 లక్షల 59 వేలు సంపాదించి ఇచ్చింది 1,050 డాలర్లు. ఢిల్లీ దారి కనపడ్డాకే, అదే, వాషింగ్టన్ దారి కనపడ్డాకే చెయ్యి విప్పుకుంది. ట్రంప్ ఏడాదికి 4 లక్షల జీతం ప్రభుత్వ శాఖలకే తిరిగి ఇచ్చేశాడు. అది మాత్రం ఎవరూ చెప్పరు.

మానేరు (కరీంనగర్):
బాబాయ్, జీతం ఇచ్చిండు, కాదంటలేను. గని ఆయన 2020 రిటర్న్‌ల దానం గడిల సున్న ఉన్నది. కాంగ్రెస్ కమిటీ బయట పెట్టిన కాగితమే అది, నేను పుట్టించింది కాదు.

ఆయన ఫౌండేషన్ ముచ్చట ఇంకా మంచిగుంటది. 2009 నుంచి 2014 దాంక దాంట్ల ఆయన సొంత పైసలు వెయ్యనే లేదు, వేరేటోళ్ళు ఇచ్చిన్రు, ఈయన పేరుమీద పంచిండు. మనోళ్ళు దీన్నే అత్త సొమ్ము అల్లుడు దానం అంటరు. ఆ పైసలల్లకెల్లి పదివేల డాలర్లు పెట్టి తన బొమ్మనే వేలంపాటల కొనిపిచ్చుకుండు, అది మయామిల ఆయన గోల్ఫ్ రిసార్ట్ గోడకెక్కింది. 2016 జనవరిల అయోవాల మాజీ సైనికులకు 60 లక్షలు జమైనయి, అండ్ల పది లక్షలు నావే అన్నడు. ఆ పది లక్షలు ఎప్పుడిచ్చిండు? విలేకర్లు వెంటబడి అడుగంగ అడుగంగ మే నెలాఖరుల. 2019ల న్యూయార్క్ జడ్జి 20 లక్షలు కట్టుమన్నడు, ఫౌండేషన్ మూతవడ్డది.

గుడిల ట్యూబ్‌లైటు మీద దాత పేరు రాస్తరు సూడు, వెలుగు రానంత పెద్దగ. ఆ బాపతు.

డల్లాస్ బాబాయ్:
ట్యూబ్‌లైటైనా ఇచ్చాడు కదయ్యా. 369 డాలర్లకి బల్బు కూడా రాదు.

మానేరు (కరీంనగర్):
బల్బు వస్తది బాబాయ్. పేరు రాయనీకి పైసలు మిగలయ్.

సాగరతీరం (విశాఖ):
369ని వెనకేసుకు రావాలని లేదుగానీ, ఒక్కమాట. బైడెన్ ఆ పదేళ్ళూ సెనేట్ జీతం మీద బతికినవాడు, రామ్నీ పెట్టుబడుల సంస్థ నడిపి కూడబెట్టినవాడు. ఎంత చెట్టుకి అంత గాలి. అయినా, రెండున్నర లక్షల ఆదాయం మీద 369 చిన్నదే, ఒప్పుకుంటాను. 1997లో ఉపాధ్యక్షుడిగా ఉన్న అల్ గోర్ ఇచ్చింది 353. తరవాత బైడెన్ ఎక్కిన ఆ కుర్చీకి ఏదో దోషం ఉన్నట్టుంది అనుకుందామంటే, అదే కుర్చీలో డిక్ చేనీ 2005లో 68 లక్షలు ఇచ్చాడు. ఉదారుడనే కదా లెక్క ప్రకారం? ఇరాక్ యుద్ధం మీద ఆయన చెప్పిన మాటల్ని ఆ రశీదు చూసి నమ్మేద్దామా?

అక్కడే గోదారిగట్టు గారి త్రాసు విరిగింది.

మల్లెపందిరి (అట్లాంటా):
రామ్నీ దానంలో చాలా భాగం ఆయన మోర్మన్ చర్చికి, ఆదాయంలో పదో వంతు నియమం కింద. ఆ చర్చి 1978 దాకా నల్లజాతి పురుషులకు పౌరోహిత్యం ఇవ్వలేదు. దానం మంచిదే, ఎవరి గుమ్మం దాకా వెళ్తోందో కూడా చూడాలిగా.

గోదారిగట్టు (న్యూజెర్సీ):
అందరూ నామీదే పడ్డారు, సంతోషం. చెల్లెమ్మా, అదే చర్చిలో ఉంటూనే జార్జ్ రామ్నీ మిషిగన్ గవర్నర్‌గా 1963లో గ్రోస్ పాయింట్‌లో, తెల్లవాళ్ళ పేటలో, నల్లవాళ్ళ ఇళ్ళ హక్కు కోసం ముందువరసలో నడిచాడు. 1967లో ఏకంగా పన్నెండేళ్ళ రిటర్న్‌లు బయటపెట్టిందీ ఆయనే. కొడుకు 2012లో ఎన్నికలప్పుడు రెండేళ్ళవే ఇచ్చాడు. 2020 జూన్‌లో మాత్రం, ఓటు అడగాల్సిన పని లేనప్పుడు, వాషింగ్టన్‌లో నల్లవాళ్ళ నిరసన ఊరేగింపులో కలిసి నడిచాడు. ఆ ఫిబ్రవరిలోనే సొంత పార్టీవాడైన అధ్యక్షుడు ట్రంప్‌ను పదవినుంచి దించాలని ఓటేశాడు. మరబొమ్మ అన్నారే, ఇప్పుడేమంటారు?

సాగరతీరం గారి చేనీ దెబ్బ మాత్రం గట్టిగానే తగిలింది. కాబట్టి నా వాదన కొంచెం సవరించుకుంటున్నాను. అంకె ఒక్కటే చాలదు. కెమెరా లేనప్పుడు ఏం చేశాడన్నది చూడాలి. రామ్నీ చర్చి పెద్దల్లో ఒకడిగా ఉన్న రోజుల్లో, క్యాన్సర్‌తో చనిపోతున్న 14 ఏళ్ళ పిల్లాడి మంచం పక్కన కూర్చుని వాడి వీలునామా రాసిపెట్టాడు. స్కేట్‌బోర్డు ఎవరికి, ఇంకేవి ఎవరికి అని. 2012 పార్టీ మహాసభలో ఆ తల్లిదండ్రులు చెప్పేదాకా దేశంలో చాలామందికి తెలియదు.

పద్దులమాస్టారు (ఎడిసన్):
మహాసభలో చెప్పించాక కెమెరా వచ్చినట్టే కదండీ. అలా అని ఆ రాత్రి అబద్ధమూ కాదు. ఇలాంటివాటికి నా ఫారంలో గడి లేదు, ఏం చేయను.

సాగరతీరం (విశాఖ):
రంగు సంగతికొస్తే మనం అమెరికా వాళ్ళకి నీతులు చెప్పే స్థితిలో లేం. తమిళనాడులో తులసేంద్రపురం గుడి శిలాఫలకం మీద దాతల పేర్లలో కమలా హారిస్ పేరుంది, ఐదువేల రూపాయలు. 2024లో అక్కడ ఆవిడ గెలవాలని పూజలు. ఇక్కడ తణుకు దగ్గర వడ్లూరులో, ఉషా చిలుకూరి పూర్వీకుల ఊళ్ళో, ఆవిడ భర్త, ట్రంప్‌తో కలిసి నిలబడ్డ జేడీ వాన్స్ గెలవాలని పూజలు. బావుంది, ముచ్చట. కానీ ఉష పేరు టీవీలో రాగానే మా వాట్సాప్ గ్రూపులో పడ్డ మొదటి ప్రశ్న ఏమిటో చెప్పనా? ఏం చదివింది, ఏ కోర్టులో పనిచేసింది అని కాదు. 'ఎవరోళ్ళు?' అని. అరగంటలో ఇంటిపేరు, గోత్రం, మేనత్తగారి ఊరు అన్నీ బయటపడ్డాయి. టాక్సీవాడు రంగు చూశాడు, మనం ఇంటిపేరు చూశాం.

మల్లెపందిరి (అట్లాంటా):
మా గ్రూపులో పది నిమిషాలే పట్టింది.

డల్లాస్ బాబాయ్:
సరే, దానికి నేనూ దొరికిపోయాను. ఆ గోత్రం పెట్టింది నేనే అయ్యుంటాను. కానీ మన ఊళ్ళో ఎమ్మెల్యేకి నిలబడ్డవాడు కూడా అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు, ఐదేళ్ళ ఆదాయం రాసివ్వాలి. ఇక్కడ అధ్యక్షుడికి నిలబడేవాడు రిటర్న్ చూపించాలన్న చట్టమే లేదు, వట్టి ఆనవాయితీ. 2016లో మావాడు, ట్రంప్, దాన్ని దాటేశాడు. అది తప్పని నేనే అంటున్నాను, రాసిపెట్టుకోండి.

మానేరు (కరీంనగర్):
రాసుకున్న బాబాయ్. తేదీ ఎనుకకు వెయ్యలే.

పద్దులమాస్టారు (ఎడిసన్):
నవ్వుకోవడానికి ఒకటి. బిల్ క్లింటన్ ఆర్కాన్సా గవర్నర్‌గా ఉన్నప్పుడు పాత లోదుస్తులు దానం చేసి, జతకి రెండు డాలర్ల చొప్పున రిటర్న్‌లో తగ్గించుకున్నాడు. ఏప్రిల్ వచ్చిందంటే నా దగ్గరికీ వస్తారు, గరాజ్‌లో సంచి చూపించి 'ఇది ఎంత వేద్దాం సార్' అని. పార్టీ తేడా లేదండీ.

గోదారిగట్టు (న్యూజెర్సీ):
మా బావమరిది ఈ చర్చంతా మొదటినుంచీ చదివాడట. ఇప్పుడే ఫోన్ చేశాడు. "అన్నీ బాగున్నాయి బావా, నీ షెడ్యూల్ ఎ, అదే, దానాల పద్దు రాసే కాగితం, ఒకసారి పంపు" అన్నాడు. స్టాండర్డ్ డిడక్షన్‌రా, ఆ కాగితమే ఉండదు, కావాలంటే పద్దులమాస్టారిని అడుగు అన్నాను. వాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.