మూతబడిన షాపింగ్ మాల్‌లో ఫ్లాట్లు కట్టాలి, సెల్లార్ ఊట ఆగడం లేదు. సలహా కావాలి

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక టౌన్. బస్టాండ్ రోడ్డులో మా కుటుంబానికి 1,600 గజాల్లో షాపింగ్ మాల్ ఉంది. పై రెండు అంతస్తుల్లో షట్టర్లన్నీ దించేసే ఉంటున్నాయి. కింద షాపులు ఉంచి, పైన ఫ్లాట్లు చేయాలనుకుంటున్నాం. ఊరి బయట వరిచేలు పూడ్చి లేఅవుట్లు వేసేకన్నా, రోడ్డూ కుళాయీ డ్రైనేజీ ఉన్నచోటే ఇళ్లు రావడం ఎంతో మేలు.

సమస్యల్లా సెల్లార్. పార్కింగుకి అదే దిక్కు. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలాక, గోడా ఫ్లోరూ కలిసే మూల నుంచి ఊట మొదలై చీలమండ లోతు నిలుస్తుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే ఆరిపోతుంది. నేల నల్ల బంకమట్టి.

లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించాం. నీటి ఒత్తిడి బయటినుంచి కదా, పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. గ్రౌటింగ్ (పగుళ్లలోకి గట్టిపడే ద్రవం ఎక్కించడం) చేయిస్తే ఆ మూల ఆగి, రెండడుగుల అవతల మొదలైంది. సంప్ తవ్వి మోటారు పెడితే కరెంటు పోయినప్పుడల్లా టెన్షనే. పిల్లర్లు బాగానే ఉన్నాయని, ఈ నీళ్ల సంగతి తేలాకే సర్టిఫికెట్ ఇస్తానని స్ట్రక్చరల్ ఇంజనీరుగారు అన్నారు.

డెల్టా నేలలో ఇలాంటి పాత సెల్లార్‌ని బాగుచేయించిన వాళ్లు దయచేసి చెప్పండి: లోపల మళ్లీ ఆర్‌సీసీ గోడలు, ఫ్లోరు పోయిస్తే ఊట ఆగిందా, లేక షాపులు వదులుకుని సెల్లార్ ఇసుకతో పూడ్చి, గ్రౌండ్ ఫ్లోరునే పార్కింగ్ చేసుకోవాల్సి వచ్చిందా?