పూరేకు, రాగిరేకు

అందరికీ నమస్కారం. బొటానికల్ ఎన్‌గ్రేవింగ్‌కి, అంటే రాగి మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసిన మొక్క బొమ్మకి, తెలుగులో ఏమంటే బాగుంటుంది? కెప్టెన్ కుక్ ఎండెవర్ ఓడలో (1768–71) మొక్కల శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ వెంట సిడ్నీ పార్కిన్‌సన్ అనే చిత్రకారుడు వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో ఓడలోనే చనిపోయాడు, పాపం. అతను వేసిన మొక్కల బొమ్మల్ని తర్వాత బ్యాంక్స్ లండన్‌లో రాగి మీద చెక్కించాడు, మొత్తం 743. వీటి మీద రాస్తూ 'చెక్కిన చిత్రాలు' అన్నాను. మా అన్నయ్య చదివి 'ఏ గుళ్లోవిరా?' అన్నాడు.

— 'రేకు' అనండి, చాలు. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీదే కదా దొరికాయి! ఇప్పటికీ కీర్తన పక్కన రేకు నంబరు వేస్తారు. మొక్కల శాస్త్రంలోనూ ఇదే పద్ధతి. సామర్లకోటలో మొక్కల తోట వేసిన రాక్స్‌బర్గ్ మన కోస్తా మొక్కల మీద తెచ్చిన పుస్తకంలో 300 బొమ్మలున్నాయి. దాన్ని అచ్చు వేయించే పని లండన్‌లో చూసుకున్నది మీరు చెప్పిన బ్యాంక్సే. అందులో సోమిద చెట్టు బొమ్మని 't. 17' అని ఉదహరిస్తారు. ఆ 't' లాటిన్ టాబులా, అంటే పలక. మనం 'రేకు 17' అంటే సరి. ఆ చెట్టు శాస్త్రీయ నామం సోయ్‌మిడా కూడా మన సోమిదే, కాస్త యాస మారిందంతే. పైగా పువ్వుకీ రేకులే, రాగికీ రేకులే. ఇంత చక్కగా ఏ భాషలో కుదురుతుంది?

— కుదిరింది గానీ మాస్టారూ, చిన్న పేచీ. రేకు అంటే లోహం. మన చేతిలో ఉండేది కాగితం. రాగి మీద ఉలితో సన్నగా గీతలు తవ్వుతారు. సిరా పూసి, పైపైన తుడిచేస్తే అది గాడిలో మాత్రం మిగులుతుంది. తడి కాగితం పరిచి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే ఆ సిరాని కాగితం లాక్కుంటుంది. పాత ప్రతి దొరికితే బొమ్మ చుట్టూ వేలు పెట్టి చూడండి, రేకు అంచు దిగిన పల్లం తగులుతుంది. కాబట్టి రేకు వేరు, అచ్చు వేరు. రెండూ కలిపి 'రేకచ్చు' అంటే?

— ఉకార సంధి! అచ్చు పరమైంది, రెండర్థాల్లోనూ. నా ఓటు దీనికే. రంగుల సంగతి కూడా రాయండి. రాక్స్‌బర్గ్ పుస్తకంలో నల్లగా అచ్చేసి ఆపైన చేత్తో రంగులు వేశారు. బ్యాంక్స్ రేకులు మాత్రం ఆయన బతికుండగా పుస్తకం కాలేదు. 1980ల్లో ఒకే రేకు మీద గుడ్డ ఉండలతో ఆకుకి ఆకుపచ్చ, పువ్వుకి ఎరుపు అద్ది ఒక్క దెబ్బకి అచ్చు తీశారు.

— అందరికీ థాంక్స్. 'రాగిరేకచ్చు' అనే రాశాను. అన్నయ్య మళ్లీ చదివి, 'ఆత్రేయపురంలో కొత్త స్వీటా?' అన్నాడు.