బోర్డో మిశ్రమమా, బోర్డో ద్రావణమా?

ప్రశ్న (అమలాపురం): కొబ్బరికి మొవ్వుకుళ్ళు పడితే కొట్టే మందుని మా వైపు కొందరు బోర్డో మిశ్రమం అంటారు, కొందరు బోర్డో ద్రావణం అంటారు. ఏది రాయాలండీ?

జవాబు: మిశ్రమమేనండి. ద్రావణం అనిపించుకోవాలంటే వేసింది పూర్తిగా కరగాలి, రాత్రంతా ఉంచినా అడుక్కి దిగకూడదు, వడగడితే గుడ్డ మీద మిగలకూడదు. 1 శాతం బోర్డోకి కిలో మైలుతుత్తం (రాగి లవణం, కాపర్ సల్ఫేట్) 50 లీటర్లలో, కిలో సున్నం మరో 50 లీటర్లలో వేస్తాం కదా. తుత్తం 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో 300 గ్రాముల పైనే కరుగుతుంది, కాబట్టి ఆ నీలం నీళ్ళు అచ్చమైన ద్రావణం. సున్నం అలా కాదు. తడిసున్నం లీటరుకి 1.7 గ్రాములకి మించి కరగదు. 50 లీటర్లలో కరిగేది 85 గ్రాములే, మిగతాదంతా నలకలుగా తేలుతుంటుంది. అది అవలంబనం. తేరుకున్నాక పైన మిగిలే సున్నపు తేట మాత్రం ద్రావణమే, పైగా సంతృప్త ద్రావణం, అంటే ఇంక కరిగించుకోలేనంత కరిగించుకున్నది. రెంటినీ కలిపినప్పుడు ఏర్పడే నీలి అవక్షేపమే, అంటే కరగని మడ్డే, మట్టల్ని అంటిపెట్టుకుని పనిచేసేది. కరిగిపోయేదైతే మొదటి వానకే కొట్టుకుపోయేది.

ప్రశ్న: వేణ్ణీళ్ళు పోస్తే సున్నం ఎక్కువ కరగదా?

జవాబు: తగ్గుతుంది! పంచదారకి వేడి కలిసొస్తుంది, ఉప్పుకి పెద్ద తేడా ఉండదు, 100 గ్రాముల నీళ్ళకి 36 గ్రాముల దగ్గరే ఆగుతుంది. సున్నానిది తిరగబడ్డ లెక్క.

మరొకరు (రాజోలు): తుత్తం పలుకులు డ్రమ్ము అడుక్కి వదిలేయకండి. చుట్టూ చిక్కటి నీలం పొర నిలిచిపోయి, అక్కడి నీళ్ళు ఇంక పట్టలేక, కరగడం మందగిస్తుంది. పల్చటి గుడ్డలో మూటగట్టి నీళ్ళ పైభాగంలో మునిగేలా వేలాడదీస్తే బరువైన నీలం చారలు చారలుగా కిందికి జారుతుంది, దాని చోట్లోకి మంచినీళ్ళు వస్తాయి. ఇనప డ్రమ్ము వద్దు, ఇనుము మీద రాగి పేరుకుని మందు చెడుతుంది. ప్లాస్టిక్ డ్రమ్ము చాలు.

కలిపేటప్పుడు తుత్తం నీళ్ళని సున్నపు నీళ్ళలోకి సన్నధారగా పోస్తూ కర్రతో తిప్పాలి. తిరగేసి పోస్తే నలకలు ముతకబడి తొందరగా అడుక్కి దిగుతాయి, స్ప్రేయరు నాజిల్ పూడుతుంది. తర్వాత మెరిసే చాకుని ఒక నిమిషం ముంచి చూడండి. ఎర్రటి పూత పట్టిందంటే రాగి ఇంకా విడిగా ఉన్నట్టే, ఆకు మాడుతుంది. పూత పట్టడం మానేదాకా సున్నం కొంచెం కొంచెంగా కలపాలి. గాలికి పాతబడిన సున్నమైతే ఈ ఇబ్బంది ఎక్కువ. కలిపింది ఆ రోజే కొట్టేయాలి.

ప్రశ్న: ఇంకో సందేహం. వెన్న కరిగింది, ఉప్పు కరిగింది, రెంటికీ ఒకటే మాటేనా?

జవాబు: వాడుకలో ఒకటేనండి, దాన్ని మార్చక్కర్లేదు. పాఠంలో మాత్రం విడదీయాలి. వెన్నది ద్రవీభవనం, వేడి చాలు. ఉప్పుకి నీళ్ళు కావాలి. నీళ్ళు లేకుండా ఉప్పుని కరిగించాలంటే 801 డిగ్రీల వేడి పెట్టాలి. ‘నీళ్ళలో కరిగింది’, ‘వేడికి కరిగింది’ అని రాస్తే పిల్లలకి తికమక ఉండదు.