మ్రొక్కిన "వరమీని"యా, "వరమియ్యని"యా? (ఒక మేయరు గొడవలో వచ్చిన సందేహం)

వంశధార ఒడ్డు: "అక్కరకు రాని చుట్టము" పద్యంలో రెండో పాదం నాకు చిన్నప్పటి నుంచీ "మ్రొక్కిన వరమియ్యని వేల్పు" అనే నోటికొచ్చు. మొన్న గుణుపురంలో మా పెద్ద మావయ్య "వరమీని" అని దిద్దారు. మాట ఎక్కడ మొదలైందంటే, న్యూయార్క్ పాత మేయర్ జాన్ లిండ్సే దగ్గర. రిపబ్లికన్లలో మధ్యేమార్గం మనిషి. 1969లో సొంత పార్టీ ప్రైమరీలోనే ఓడిపోయి, లిబరల్ పార్టీ తరఫున నిలబడి మళ్లీ మేయరయ్యాడు. 1971లో డెమోక్రాట్లలో చేరాడు. అలాంటివాడు పార్టీ వదలాలా, లోపలే ఉండి పోరాడాలా అని వాదించుకుంటుంటే మావయ్య ఈ పద్యం చదివేసి కాఫీకి లేచిపోయారు. ఇంతకీ ఈనియా, ఇయ్యనియా?

జయపురం పంతులు: మీ మావయ్యగారిదే రైటు. ఆరో గణం చూడండి. మ్రొక్కిన, వరమీ, నివేల్పు: నాలుగు, అయిదు, ఆరు. జగణం చక్కగా పడింది. "ఇయ్యని" అంటే ఆరో చోట "య్యనివే" సగణమై కూర్చుంటుంది. పైగా ఒక మాత్ర ఎక్కువ. కందం ఒప్పుకోదు.

కిమిడి కోడలు: గణాలు సరే పంతులుగారూ, "ఈని" అంటే "ఇవ్వని" అనే ఎందుకనుకోవాలి? మా అత్తగారింట్లో ఆవు ఈని వారమైంది. అదీ "ఈని"యే. వరం ఈనిన వేల్పు అనుకుంటే అర్థమే తిరగబడుతుంది, పని అయిపోయాక వదిలెయ్యమంటున్నాడని! బ్లూమ్‌బర్గ్ చేసిందదే కదా. డెమోక్రాటుగా ఉండి 2001లో మేయరు పదవి కోసం రిపబ్లికన్ అయ్యాడు. 2007లో అదీ వదిలి ఏ పార్టీ లేదన్నాడు. 2018లో మళ్లీ డెమోక్రాటు.

జయపురం పంతులు: నవ్వొచ్చిందమ్మా, కానీ ఒప్పుకోను. రాని, ఈని, పారని: మూడూ వ్యతిరేకార్థాలే. మధ్యదొక్కటి "ఇచ్చిన" అయితే వరస తెగుతుంది.

కిమిడి కోడలు: వరస తెగకూడదని బద్దెన మీతో చెప్పాడా?

మహేంద్రగిరి: మీరిద్దరూ రెండో పాదంలోనే ఇరుక్కున్నారు. మూడో పాదం గుర్రం సంగతేంటి? మా క్లాసులో సగం మందిమి "మోహరము" అంటే మొహర్రం అనుకుని పీర్ల ఊరేగింపులో గుర్రాన్ని ఊహించుకునేవాళ్లం. బారులు తీరిన సైన్యమని తర్వాత తెలిసింది. నన్నడిగితే పద్యానికి పట్టు "గ్రక్కున"లో ఉంది. లిండ్సేని గుర్రమే పడేసింది. 1969 ఫిబ్రవరిలో మంచు తుఫానొస్తే క్వీన్స్ వీధుల్లో రోజుల తరబడి మంచు తియ్యలేదని జనం మండిపడ్డారు. పార్టీలో ముందే ఉన్న కోపం జూన్ ప్రైమరీలో బయటపడింది. పడ్డవాడు లేచి దులుపుకుని, 1971 ఆగస్టు దాకా ఆ గుర్రం పక్కనే నిలబడ్డాడు. రెండేళ్లకు వదిలితే అది గ్రక్కునా? 1972 అధ్యక్ష ప్రైమరీల ముందు వచ్చేసరికి పదవి కోసమే వచ్చాడన్నారు. విస్కాన్సిన్‌తోనే ఆయన పోటీ ముగిసింది.

బరంపురం పెద్దాయన: 1969 అన్నాక మా ఊరి మాట రాకపోతే ఎలా? వి.వి. గిరి పుట్టింది బరంపురంలోనే. ఆ ఏడు ఆగస్టులో రాష్ట్రపతి పదవికి స్వతంత్రుడిగా నిలబడి, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డిని ఓడించారు. అదీ రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాకే తేలింది. నవంబరులో లిండ్సే నెగ్గాడు, ఆ నవంబరులోనే కాంగ్రెస్ రెండైంది.

వంశధార ఒడ్డు: గిరిగారి వెనక ఇందిర ఉందండీ. పార్టీ కాదన్న మేయరు వెనక ఎవరుంటారు?

బరంపురం పెద్దాయన: ఓటేసినవాళ్లు. 2022లో ఇక్కడ మేయర్ని మనమే నేరుగా ఎన్నుకున్నాం. మా వీధిలో గుర్తు చూసి వేసినవాళ్లూ ఉన్నారు, మనిషిని చూసి వేసినవాళ్లూ ఉన్నారు. మేయరు పార్టీ మారితే మొదటివాళ్లకి మోసం, రెండోవాళ్లకి ఏమీ కాదు. లిండ్సేని 1969లో గెలిపించింది రెండో రకం. ఆ రోజే వదిలేసి ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు.

పాత బస్టాండు: పర్లాకిమిడివాళ్లం, మాకు "ఇవ్వని" అని రాసుకునే హక్కు గిడుగువారే ఇచ్చారు 🙂

జయపురం పంతులు: బాబూ, ఆయన పోరాటం వచనం కోసం, కందం నడ్డి విరగ్గొట్టమని కాదు. వదలడం గురించి కాబట్టి చెప్తున్నా, ఆయనకంటే గ్రక్కున వదిలినవాడు లేడు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపితే, డెబ్బై దాటిన వయసులో ఊరే వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. సవరల భాషకి నిఘంటువు కట్టింది ఈ ఊళ్లోనే ఉండి.

పాత బస్టాండు: వెళ్లి ఏం సాధించారని మా తాత అనేవారు. ఉండిపోయినవాళ్లమే కదా ఇక్కడ తెలుగు మాట్లాడుతున్నది.

కిమిడి కోడలు: మా మావగారి పాత శతకం తీశాను. సరిగ్గా "వరమీని" దగ్గరే పురుగు తినేసింది. "వరమ" మిగిలింది, ఆపైన కన్నం, తర్వాత "ని". అంచున ఆయన పెన్సిలుతో ఒడియా లిపిలో "ఈయని" అని రాసుకున్నారు. పాఠాంతరమేమో?

జయపురం పంతులు: అది అర్థం రాసుకోవడమమ్మా. "ఈయని"కీ ఒక మాత్ర ఎక్కువే. ఒడ్డుగారికి "ఇయ్యని" ఎక్కడ పట్టుకుందో ఇప్పుడు తోచింది. "అడిగిన జీతంబియ్యని మిడిమేలపు దొరను" గుర్తుందా? అక్కడ ఛందస్సుకి "ఇయ్యని" సరిపోయింది, వాడాడు. ఆ పద్యంలోది ఈ పద్యంలోకి దూరింది.

మహేంద్రగిరి: అయితే మేయరుకి చెప్పాల్సింది ఆ పద్యమే! జీతమివ్వని దొరను కొలిచి ఏడవడం కంటే "వడిగల యెద్దుల గట్టుక మడి దున్నుక" బతకమన్నాడు. స్వతంత్రుడిగా ఉండు, ఇంకో దొర గుమ్మంలోకి పోకు అని. లిండ్సే అక్కడే తప్పాడు.

వంశధార ఒడ్డు: ఎద్దులుండాలి కదండీ. బ్లూమ్‌బర్గ్ ప్రచారానికి సొంత డబ్బు పెట్టుకున్నాడు, దున్నుకున్నాడు. లిండ్సేకి అంత ఆస్తి ఎక్కడిది?

కిమిడి కోడలు: "మిడిమేలపు" అంటే గర్వమనే ఎందుకంటారు అందరూ? మిడిమిడి జ్ఞానంలో మిడి ఇదే అయితే, అరకొరగా మేలు చేసే దొర కాకూడదా?

జయపురం పంతులు: అమ్మా, మళ్లీ మొదలుపెట్టారా. గర్వమే. మిడిసిపాటులోని మిడి అది.

కిమిడి కోడలు: నిఘంటువు పేజీ ఫొటో పెట్టండి, చూస్తాను.