పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేయాలి, నాన్నగారి అను ఫైళ్ల సంగతేంటి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2014లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్‌డిస్క్. అందులో విండోస్ 10 నడుస్తోంది. దానికి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11కి ఈ మెషీన్ సరిపోదు. వాడేది మా నాన్నగారు, తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పదిహేనేళ్లుగా రాసిన పద్యాలు, వ్యాసాలు అన్నీ అను అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఫాంట్లలోనే ఉన్నాయి. కొన్ని వర్డ్‌లో, ఎక్కువ పుస్తకం పేజీలు అమర్చే పేజ్‌మేకర్‌లో. విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేద్దామని ముందుగా ఒక వర్డ్ ఫైల్ ఫ్రెండ్ దగ్గర లినక్స్‌లో తెరిచి చూశాను. తెలుగు ఒక్క అక్షరం లేదు, అన్నీ ఇంగ్లిష్ అక్షరాలు, ఏవేవో గుర్తులు. ఫైల్ పాడైందా? నాన్నగారికి ఇంకా చెప్పలేదు, టెన్షన్ పడతారు.

జవాబు 1:
తమ్ముడూ, ఫైల్‌కి ఏమీ కాలేదు. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ప్రతి భాష అక్షరానికీ విడి సంఖ్య ఇచ్చే ఇప్పటి పద్ధతి వాటిలో లేదు. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన చోట్లలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు. తలకట్టు, గుడి, ఒత్తు దేనికది విడి ముక్క. ఆ ఫాంట్ సిస్టంలో ఉన్నంతవరకే అది తెలుగులా కనిపిస్తుంది. ఫాంట్ లేకపోతే కింద ఉన్న అసలు గుర్తులు బయటపడతాయి. మీకు కనిపించింది అదే.

కాబట్టి విండోస్‌ని ఇప్పుడే తుడిచేయకండి. అది పనిచేస్తుండగానే ప్రతి ఫైలునీ తెరిచి పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకోండి. ఫాంట్ పీడీఎఫ్ లోపలే ఉండిపోతే ఏ కంప్యూటర్‌లో తెరిచినా నాన్నగారి పేజీ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. మార్చాక ఒకటి రెండు ఫోన్‌లో తెరిచి చూసుకోండి. పీడీఎఫ్‌లతో పాటు అసలు ఫైళ్లు కూడా రెండు వేర్వేరు చోట్ల కాపీ చేయండి. సీ డ్రైవ్ ఒక్కటే కాదు, డీ, ఈ డ్రైవ్‌లు కూడా చూడండి. మూడేళ్ల కిందట మా మేనమామ కంప్యూటర్ ఒక షాపులో ఇచ్చి ఫార్మాట్ చేయించాను. వాళ్లు డాక్యుమెంట్స్ ఫోల్డర్ మాత్రం కాపీ చేశారు. ఆయన కథలు డీ డ్రైవ్‌లో ఉండేవి, అన్నీ పోయాయి. ఆ బాధ నాకు ఇంకా తగ్గలేదు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

జవాబు 2:
పై సలహా పూర్తిగా సరైనదే. అయితే పీడీఎఫ్‌తో ఆగితే చదువుకోవడానికే పనికొస్తుంది, మాట మార్చలేరు, వెతకలేరు. పద్యాలు మళ్లీ ముద్రణకు వెళ్లాలంటే యూనికోడ్‌లోకి తేవాలి. పేజ్‌మేకర్ 6, 7 వెర్షన్ల ఫైళ్లను లిబ్రే ఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లోని డ్రా తెరుస్తుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. పేజీ అమరిక కాస్త చెదురుతుంది కానీ పాఠం బయటికి తీసుకోవచ్చు. అదీ అను గుర్తుల్లోనే వస్తుంది కాబట్టి, అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేయాలి. అను వెర్షన్ ఏదో ముందు చూసుకోండి, వెర్షన్ తప్పితే ఒత్తులు తారుమారవుతాయి.

మార్చాక పీడీఎఫ్ పక్కన పెట్టుకుని చదవాల్సిందే. పద్యాలంటున్నారు కదా, అరసున్న, బండి ఱ, విసర్గ ఉన్న చోట్లు ప్రత్యేకంగా చూడండి. ఈ పని నాన్నగారి చేతే చేయించండి. గణాలు తెలిసిన కన్ను పట్టినంత త్వరగా మనం తప్పు పట్టలేం.

డిస్ట్రో, అంటే ఏ రకం లినక్స్ అన్న విషయానికొస్తే, నేనైతే డెబియన్ వేస్తాను. ఒకసారి అమరిస్తే ఏళ్ల తరబడి కదలదు.

జవాబు 1:
డెబియన్ మీద నాకూ గౌరవమే, కానీ మాస్టారు గారికి మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న రకం మేలు. కింద ప్యానెల్, మూలన మెనూ, విండోస్ అలవాటు ఉన్నవాళ్లకు కొత్తగా అనిపించదు. మింట్ 22కి 2029 ఏప్రిల్ వరకు అప్‌డేట్లు వస్తాయి. 4 జీబీ ర్యామ్‌తో సిస్టం హాయిగా నడుస్తుంది. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తేనే ఇబ్బంది. డబ్బు ఖర్చు పెట్టగలిగితే ముందు హార్డ్‌డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి, ఏ డిస్ట్రో ఎంచుకున్నా అంత తేడా రాదు. తీసేసిన హార్డ్‌డిస్క్‌ని తుడవకుండా బీరువాలో దాచండి, అదే ఇంకో బ్యాకప్.

8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే లైవ్‌లో, అంటే పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, ఒక పూట వాడి చూడండి. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో అక్కడే తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. 140 ఫైళ్లు పీడీఎఫ్ చేశాను, నాలుగు రోజులు పట్టింది. ఎస్‌ఎస్‌డీ కూడా వేయించాను. లైవ్‌లో రెండు చిక్కులొచ్చాయి. వైఫై అసలు కనిపించడం లేదు. ఇంకోటి, నాన్నగారు అనులో ఆపిల్ అనే కీల అమరికతో టైప్ చేసేవారు. ఈ వయసులో ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే అమరిక నేర్చుకోమంటే పాపం కదా?

జవాబు 2:
నేర్చుకోనక్కర్లేదు. లినక్స్‌లో భాషల టైపింగ్‌కి ఐబస్ వాడతారు, దాని ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీలో తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేది)తో పాటు ఆపిల్ లేఅవుట్ కూడా ఉంది. అసలు ఇన్‌స్టాల్ అయ్యాక సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఆ ప్యాకేజీ వేసి, ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ ఎంచుకుని, లాగౌట్ అయి లాగిన్ అవ్వండి. ఆ లాగౌట్ మరిచిపోయి పనిచేయలేదని వదిలేసేవాళ్లే ఎక్కువ. తర్వాత ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఆపిల్ చేర్చండి. సూపర్ కీ (విండోస్ గుర్తున్న కీ), స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. నాన్నగారిని కూర్చోబెట్టి ఒక పద్యం కొట్టించి చూడండి, వేళ్లకు తేడా తగిలితే ఏ కీ దగ్గరో ఇక్కడ రాయండి.

వైఫైకి, ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, వెంటనే నెట్ వస్తుంది. తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరవండి. ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై కార్డు ఉంటే దాని డ్రైవర్ అక్కడే కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
బ్రాడ్‌కామ్ కార్డే, డ్రైవర్ వేయగానే వైఫై వచ్చింది. మింట్ ఇన్‌స్టాల్ చేసేశాను. నాన్నగారు నిన్న సాయంత్రం ఒక సీస పద్యం పూర్తిగా టైప్ చేశారు. లిబ్రే ఆఫీస్‌లో మాత్రం కొత్త ఫైల్ తెరిచిన ప్రతిసారీ తెలుగు ఫాంట్ వేరేది వస్తోంది. ఆయనకు పోతన ఫాంట్ కావాలట. ఇంకా, 'సాఫ్ట్‌వేర్' అని కొడితే ట కింద వ ఒత్తు పడుతోంది.

జవాబు 1:
ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీ వేయండి, పోతన 2000, వేమన 2000 రెండూ వస్తాయి. లిబ్రే ఆఫీస్ తెలుగుని కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (సీటీఎల్) కింద లెక్కవేస్తుంది, దానికి ఫాంట్ వేరుగా పెట్టాలి. ఆప్షన్స్‌లో భాషల దగ్గర సీటీఎల్ టిక్ చేసి, రైటర్ కింద బేసిక్ ఫాంట్స్ సీటీఎల్‌లో పోతన ఎంచుకోండి. ఇక కొత్త ఫైళ్లన్నీ అదే ఫాంట్‌తో తెరుచుకుంటాయి.

ఒత్తు పడకూడదంటే ట పొల్లుకీ వకీ మధ్య కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉండాలి. రైటర్‌లో 'సాఫ్ట్' వరకు కొట్టి, ఇంగ్లిష్‌కి మారి యూ, ప్లస్ గుర్తు, 200, సి వరసగా కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. మళ్లీ తెలుగుకి వచ్చి 'వేర్' కొట్టండి. మాటిమాటికీ అవసరమైతే దాన్ని ఆటోకరెక్ట్‌లో పెట్టుకోవచ్చు. ఆయన సీసం, వీలైతే, ఇక్కడ పెట్టండి తమ్ముడూ, చదవాలని ఉంది.